కావ్యపాఠమును శాస్త్రరచనయు: నల్లగొండ, పాలమూరు మండలములందలి యింగ్లీషు విద్య

ఒక భాషలో మాటలాడ నేర్చుట యొకటి. ఆ భాషలోఁ గథ చదివి యానందించుట వేఱొకటి. ఆ భాషలో నొక విషయమును ప్రతిపాదించి, హేతువు చూపి, ఎదుటివాని యాక్షేపమునకు సమాధానము చెప్పి, నిర్ణయము చేయుచు వ్రాయుట మఱియొకటి. ఈ మూఁడవదానినే శాస్త్రరచన యనవచ్చును. కళాశాలలందు విద్యార్థులు వ్రాయు వ్యాసములును, పరిశోధన నివేదికలును, సిద్ధాంతగ్రంథములును ఈ కోవకుఁ జెందినవే. నల్లగొండ, మహబూబునగర మండలములందు, ఇంట తెలుఁగు మాటలాడు బాలుఁడు బడిలో నింగ్లీషు నేర్చి, తుదకు నా భాషయందే యిట్టి రచన చేయవలసి యున్నది. ఆ రచనను కావ్యములు, కథలు, నాటకములు చదివించి నేర్పవచ్చునా, నేర్పఁగూడదా యను ప్రశ్న దేశాంతరములందును చర్చింపఁబడుచున్నది. ఈ రెండు మండలముల విద్యాచరిత్రమును పరిశీలించినచో దీనికిఁ గొంత సమాధానము దొరకును. ఇచట నల్లగొండ, మహబూబునగరములనఁగా 2016వ సంవత్సరపు విభజనకుఁ బూర్వమందలి మండలములని గ్రహింపవలెను. మహబూబునగరమునకే పాలమూరని జనవ్యవహారము.

సాహిత్యము రచనాభ్యాసమునకు రెండు విధముల నుపకరించును. మొదటిది అనుకరణము. మంచి గ్రంథమును చదివి, దాని పదములను, వాక్యములను, శయ్యను అలవఱచుకొని, అట్లే వ్రాయఁబూనుట దీని స్వరూపము. రెండవది ఉపపాదనము. గ్రంథమును ముందిడుకొని, దానిని గూర్చి యొక మాట చెప్పి, ఆ మాటకు గ్రంథమునుండియే ప్రమాణము చూపుట దీని స్వరూపము. మొదటి మార్గమునఁ గావ్యము గురువు. రెండవ మార్గమునఁ గావ్యము సాక్షి. ఈ భేదమును పాటింపకపోవుటచేతనే పలు వాదములు చిక్కుపడినవి. శాస్త్రరచన రెండవ మార్గమున నలవడును గాని, కేవలము మొదటి మార్గమున నలవడదని యిచటి ప్రతిజ్ఞ.

పూర్వసంప్రదాయము

సంస్కృతవిద్యయం దీ క్రమము స్పష్టముగఁ గాననగును. బాలుఁడు మొదట శబ్దరూపములను, అమరకోశమును వల్లించును. పిదప రఘువంశము, కుమారసంభవము, కిరాతార్జునీయము, శిశుపాలవధము, నైషధము అను పంచకావ్యములను చదువును. అటుపైఁ దర్కమో వ్యాకరణమో యారంభించును. కావ్యము శాస్త్రమునకు ద్వారముగ నుండెనే కాని, శాస్త్రమును కావ్యమువలె వ్రాయవలెనని యెవ్వరును గోరలేదు. భట్టి తన కావ్యమునందు రామకథ చెప్పుచునే పాణినీయసూత్రముల కుదాహరణములు గూర్చెను. అచట పద్యము లక్ష్యము, సూత్రము లక్షణము. ఈ రెంటి సముదాయమే వ్యాకరణమను పక్షము మహాభాష్యమునఁ జెప్పఁబడినది. లక్ష్యము లేని లక్షణము నిరాధారము. లక్షణము లేని లక్ష్యము కళ్లమునఁ బోసిన గింజలవలె లెక్కకు రాదు.

కావ్యమునుండి శాస్త్రరచనకు నడిపించిన బాట వ్యాఖ్యానము. పంచకావ్యములకు వ్యాఖ్యలు రచించిన మల్లినాథసూరి మెదకు మండలమందలి కొల్చారము వాఁడు. ఆయన పద్యమును విఱిచి, అన్వయము చెప్పి, పదములకు నిఘంటువును, రూపములకు సూత్రమును, అలంకారమునకు లక్షణగ్రంథమును ప్రమాణముగఁ జూపును. ఆధారము లేనిది వ్రాయననియు, అక్కఱలేనిది చెప్పననియు నాయన తన వ్యాఖ్యారంభమున నియమము చేసికొనెను. నేఁడు విశ్వవిద్యాలయములందు శాస్త్రరచనకు విధించు నియమములను సంక్షేపించినచో నీ రెండుమాటలే మిగులును. ఇట్లు కావ్యమును చేతఁబట్టుకొనియే యాయన కావ్యము గాని యొక రచనావిధానమును నిలిపెను.

నల్లగొండ మండలమందే యీ విధానమునకు మఱియొక యుదాహరణము గలదు. రాచకొండ నేలిన రేచర్ల వెలమ ప్రభువు సింగభూపాలుఁడు పదునాలవ శతాబ్దమున రసార్ణవసుధాకరమును సంస్కృతమున రచించెను. మూఁడు విలాసముల యీ గ్రంథము నాట్యమునకును రసమునకును సంబంధించిన లక్షణశాస్త్రము. అందు నాయకభేదములు, భావములు, సంధులు మొదలగువానికి నిర్వచనము చెప్పి, వెంటనే పూర్వకవుల కావ్యనాటకములనుండి యుదాహరణ మీయఁబడినది. లక్షణము గ్రంథకర్త మాట. ఉదాహరణము కవి మాట. ఏది యెవరిదో చదువరికిఁ దెలియుచుండును. రాచకొండ గుట్టలపైఁ గోట శిథిలమైనను, ఈ పద్ధతి శిథిలము కాలేదు.

సంస్థానములు

పాలమూరు మండలమున గద్వాల, వనపర్తి, జటప్రోలు, ఆత్మకూరు, గోపాలుపేట సంస్థానములు చిరకాలము పండితపోషణము చేసినవి. అచటి సభలందు సమస్యాపూరణము, అవధానము, ఆశుకవిత్వము ప్రధానముగ మన్ననఁ గాంచెను. ఇవి యన్నియు ధారణకును ధారకును సంబంధించిన విద్యలు. పూర్వకవుల పద్యములు వేలకొలఁది కంఠస్థమైననే గాని యవధాని సభలో నిలువఁజాలఁడు. అనుకరణమార్గమున సాహిత్య మెంతటి శక్తి నీఁగలదో యీ సభలు నిరూపించినవి. అయినను పద్యము చెప్పుటకు వలయు శక్తి వేఱు, ఒక కవి కాలమును నిర్ణయించుటకు వలయు శక్తి వేఱు.

ఈ రెండవ శక్తికి మానవల్లి రామకృష్ణకవిగారి కృషి నిదర్శనము. ఇంగ్లీషు విద్య నభ్యసించి పట్టభద్రులైన యీయన వనపర్తి సంస్థానము నాశ్రయించి కొంతకాలము గ్రంథాన్వేషణము చేసిరి. నన్నెచోడుని కుమారసంభవమును 1909లో ప్రకటించి, యా కవి నన్నయకుఁ బూర్వుఁడని వాదించిరి. ఆ నిర్ణయమును బెక్కురు పండితు లంగీకరింపక ఖండించిరి. కాని ఖండించినవారును, సమర్థించినవారును కావ్యమందలి వ్యాకరణరూపములను, ఛందస్సును, కవి పేర్కొన్న వంశమును, శాసనములను జూపియే వాదింపవలసి వచ్చెను. దశాబ్దములతరబడి సాగిన యీ వాదము తెలుఁగున శాస్త్రరచనకు గొప్ప సాధనశాల యయ్యెను. అందు కావ్యము అనుకరింపఁబడలేదు, ప్రశ్నింపఁబడెను.

ఉర్దూ బడి, ఇంగ్లీషు పాఠము

హైదరాబాదు రాజ్యమున 1880 తరువాతి దశకమునఁ బారసీకమునకు బదులుగ నుర్దూ రాజభాష యయ్యెను. బడులందును ఉర్దూయే క్రమముగ బోధనభాషగ నిలిచెను. నల్లగొండ, పాలమూరు బాలునకు నింట తెలుఁగు, బడిలో నుర్దూ, పైచదువునకై యింగ్లీషు, ఇట్లు మూఁడు భాషల బరువు తప్పదయ్యెను. రాజధానియందు 1887లో నేర్పడిన నిజాము కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధమై యింగ్లీషున బోధించుచుండెను. 1918లో స్థాపింపఁబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయ మట్లుగాక, చరిత్రము, గణితము, ప్రకృతిశాస్త్రములు మున్నగునవి యన్నియు నుర్దూలో బోధించెను. అందులకై 1917లోనే యొక యనువాదశాల నెలకొల్పఁబడి, యింగ్లీషు గ్రంథములు ఉర్దూలోనికి మార్పఁబడెను. ఇంగ్లీషు మాత్రము విద్యార్థులందఱికిని నిర్బంధభాషగ నుండెను.

దీని ఫలితము గమనింపఁదగినది. ఉస్మానియా విద్యార్థికి శాస్త్రమెల్ల నుర్దూలో నందెను. ఇంగ్లీషు భాషాపాఠముగ, అనఁగాఁ బద్యముగను, కథగను, నాటకముగను, వ్యాసముగను అందెను. ఇంగ్లీషున నొక చరిత్రాంశమునో రసాయనక్రియనో వివరించి వ్రాయవలసిన యవసరము వానికిఁ దక్కువ. 1948 సెప్టెంబరులో నిజాము పాలన ముగిసినపిదప విశ్వవిద్యాలయ మింగ్లీషు మాధ్యమమునకు మాఱెను. అప్పుడు సాహిత్యపాఠముగ మాత్రమే పరిచితమైన భాష హఠాత్తుగ సర్వశాస్త్రములకును వాహకము కావలసివచ్చెను.

ఆనాఁటి యింగ్లీషు పరీక్షలం దడుగు ప్రశ్నలలో మూఁడు ముఖ్యమైనవి. ఒక ఖండమును మూఁడవవంతునకు సంక్షేపించుట, పద్యభావమును గద్యమున వ్రాయుట, ఒక వాక్యమును సందర్భసహితముగ వ్యాఖ్యానించుట. భారతదేశమందలి విశ్వవిద్యాలయములన్నింట నివి ప్రచారము గలవే. సరిగ నేర్పినచో నీ మూఁడును శాస్త్రరచనకు బీజములు. సంక్షేపము పరుల వాదమును న్యాయముగఁ జెప్పుట నేర్పును; భావకథనము పదమును దాఁటి యర్థమును పట్టుట నేర్పును; సందర్భవ్యాఖ్య ప్రమాణమును దాని స్థానమునుండి పెఱికివేయక చూపుట నేర్పును. ఇది మల్లినాథుని మార్గమునకు దగ్గఱి చుట్టము. కాని కాలక్రమమున వీనికి సిద్ధసమాధానములు అచ్చుపడి యంగళ్లలో నమ్మఁబడెను. విద్యార్థి వానిని వల్లించి పరీక్షలో దింపుచు వచ్చెను. బీజము వేయింపబడెను గాని మొలకెత్తలేదు.

ఇంగ్లీషు సాహిత్యమును పాఠ్యవిషయముగఁ జేయుటలో భారతదేశము ఇంగ్లండునకే ముందు నడచిన దనుటయు నిచట స్మరణీయము. 1835 నాఁటి నిర్ణయముతో సర్కారు ధన మింగ్లీషు విద్యవైపు మరలెను. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయము లేర్పడెను. ఆక్సుఫర్డున నింగ్లీషు సాహిత్యమునకుఁ బ్రత్యేకశాఖ 1894లోఁ గాని రాలేదు. కావున సాహిత్యముద్వారా పరభాష నేర్పుట యీ దేశమునకుఁ గ్రొత్త గాదు. దానిని శాస్త్రరచనకు మలఁచుటయే కొఱఁతవడినది.

అనుకరణవాదము

తెలుఁగు రచన నేర్పుటయందును ఇట్టి కథయే జరిగెను. పరవస్తు చిన్నయసూరి 1853లో నీతిచంద్రికను ప్రకటించెను. మిత్రలాభ, మిత్రభేదములను మనోహరమైన గద్యమునఁ జెప్పిన యా గ్రంథము పాఠశాలలందు గద్యరచనకు మేలుబంతి యయ్యెను. తరములకొలఁది విద్యార్థులు దాని సమాసములను, క్రియాంతములను అనుకరించి వ్రాసిరి. మద్రాసు విశ్వవిద్యాలయమున నింటర్మీడియేటు తరగతికి దేశభాషారచన విధింపఁబడిన కాలమున, విద్యార్థి యే భాషలో వ్రాయవలెనను వివాదము చెలరేఁగెను. 1911లో నాంధ్రసాహిత్యపరిషత్తు స్థాపింపఁబడెను. 1913లో గిడుగు రామమూర్తి పంతులుగారు తమ విజ్ఞప్తిని ప్రకటించిరి. 1914లో గురజాడ అప్పారావుగారు తమ యసమ్మతిపత్రమును సమర్పించిరి.

ఈ వివాదమునందు గ్రాంథికపక్షమువారును, వ్యావహారికపక్షమువారును గొప్ప పాండిత్యమును జూపిరి. అయినను ప్రధానముగఁ జర్చకు వచ్చినది భాషారూపము. బాలుఁడు వ్రాయుమాట "చేసెను" అని యుండవలెనా, "చేశాడు" అని యుండవలెనా యనుట ముందునకు వచ్చెను. ఆ వాక్యమునకు హేతు వెచటనున్నది, ప్రమాణ మెచటనున్నది యనుట వెనుకఁబడెను. ఏ భాషారూపమును గ్రహించినను, అనుకరణమే రచనాభ్యాసమైనంతకాలము విద్యార్థి పరుల గొంతుతోనే పలుకును. ఇంగ్లీషు తరగతియందలి దోషమును దీనికంటె భిన్నము గాదు.

ఇరువురు నిదర్శనము

ఉపపాదనమార్గమున నడచినవారికి నీ సీమతో సంబంధముగల యిరువురిని బేర్కొనవచ్చును. కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు భువనగిరిలో బాల్యవిద్య గడపి, నాగపురమున నింగ్లీషు, మరాఠీ భాషలందు విద్యావంతులైరి. తరువాత మునగాల సంస్థానమునకు దివానుగ నుండిరి. ఆ పరగణా నాఁడు కృష్ణామండలమునకుఁ జేరినదైనను, నల్లగొండ నేలచేఁ జుట్టఁబడినది. నేఁడు సూర్యాపేట మండలమున నున్నది. 1906లో హైదరాబాదునఁ బుట్టిన విజ్ఞానచంద్రికా గ్రంథమండలికి వీరు ప్రాణభూతులు. శాసనములను, కావ్యములను ప్రక్కప్రక్కనుంచి, ఒకదానిని మఱియొకదానితో సరిచూచి వ్యాసములు వ్రాసిరి. ఆంధ్రవిజ్ఞానసర్వస్వమును సంపాదించుచు 1923లో గతించిరి. పరభాషలో నేర్చిన తర్కక్రమమును తెలుఁగున నిలుపవచ్చునని వీరి వ్యాసములు చూపినవి.

రెండవవారు సురవరము ప్రతాపరెడ్డిగారు. 1896లో జన్మించిన వీరి గ్రామము గద్వాల ప్రాంతమందలి యిటిక్యాలపాడు. మద్రాసునందు నున్నతవిద్య నభ్యసించి, 1926లో గోలకొండ పత్రికను స్థాపించిరి. తెలంగాణమునఁ గవులే లేరను నాక్షేపము వచ్చినప్పుడు, వీరు నిందకు నింద చెప్పలేదు. కవులను వెదకి, వారి పద్యములను సేకరించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. ఆక్షేపమునకు సమాధానము సాక్ష్యమే యయ్యెను. శాస్త్రరచనయందలి శీలమునకు నింతకంటె మేలైన పాఠము లేదు.

1949లో వెలువడిన వీరి ఆంధ్రుల సాంఘిక చరిత్రము ఈ పద్ధతికిఁ బరాకాష్ఠ. రాజుల యుద్ధములను గాక, జనుల తిండి, బట్ట, ఆటలు, వర్తకము, నమ్మకములను తెలియఁగోరినవారికి శాసనములు చాలవు. అందులకై ప్రతాపరెడ్డిగారు పాల్కురికి సోమనాథుని కృతులను, క్రీడాభిరామమును, ఆముక్తమాల్యదను, శుకసప్తతిని, హంసవింశతిని సాక్షులుగఁ బిలిచిరి. కావ్యమందలి వర్ణన యంతయు యథార్థమని వారు నమ్మలేదు. కవిసమయ మేది, కవి కన్నులారఁ జూచిన దేది యని విమర్శించిరి. ఈ గ్రంథమునకు 1955లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారము లభించెను. తెలుఁగున నా పురస్కారమందిన మొదటి గ్రంథమిదియే. ఇంగ్లీషును పరభాషగ నేర్చిన పాలమూరు విద్యార్థి యొకఁడు, కావ్యమును ప్రమాణముగఁ గొని శాస్త్రగ్రంథము వ్రాయుట యెట్లో యిందుఁ జూచి తెలిసికొనవచ్చును.

పూర్వపక్షము

కావ్యపాఠము శాస్త్రరచన కుపకరింపదను పక్షము బలహీనమైనది గాదు. బంగాళమునందు ఢాకాలోఁ బనిచేసిన మైకేలు వెస్టు 1926 నాఁటి తన గ్రంథమున, పరభాషార్థికి ముందుగ వలసినది పరిమితపదములతోఁ గూడిన సుబోధమైన చదువేయని వాదించెను. 1950 తరువాత మద్రాసు మొదలగు రాష్ట్రములందు వాక్యనిర్మాణములను వరుసగ నేర్పు పద్ధతి ప్రబలి, పద్యము వెనుకకుఁ బోయెను. 1958లో హైదరాబాదున కేంద్ర ఇంగ్లీషు సంస్థ స్థాపింపఁబడి ఉపాధ్యాయులకు శిక్షణ మీయసాగెను. అదియే పెరిగి 2007లో ఇంగ్లీషు మఱియు విదేశీభాషల విశ్వవిద్యాలయమయ్యెను. 1990లో జాన్ స్వేల్సు, పరిశోధనవ్యాసముల యుపోద్ఘాతములను పరిశీలించి, వ్రాయువాఁడు మొదట విషయక్షేత్రమును నిలిపి, పిదప నందలి కొఱఁతను చూపి, తుదకు తాను దానిని పూరించు తెఱఁగు చెప్పునని నిరూపించెను. ఇది నేరుగ నేర్పఁదగిన క్రమము. దీనికిఁ గావ్య మక్కఱలేదు.

1993లో అమెరికాయందు ఎరికా లిండెమన్, గ్యారీ టేటు అను నిరువు రాచార్యు లొకే పత్రికలో నీ విషయమున వాదప్రతివాదములు చేసిరి. సాహిత్యముకొఱ కేర్పడిన తరగతి వేఱు, సర్వశాస్త్రముల విద్యార్థులు చదువుటయు వ్రాయుటయు నేర్చు తరగతి వేఱు. రెండవదానియందు సాహిత్యమునకుఁ జోటు లేదని మొదటివారి పక్షము. మనుష్యునకు విద్యాశాలవెలుపలను జీవితము గలదు గాన, సాహిత్యమును తొలఁగింపరాదని రెండవవారి పక్షము. దీనికిఁ దోడు మన బడులలో మఱియొక యాక్షేపము గలదు. ఎన్నఁడును జూడని పూవులను, మంచును వర్ణించిన యింగ్లీషు పద్యమును, చెఱువు మత్తడి దుమికినప్పుడే పండుగ చేసికొను మెట్టపొలముల బాలునకు బోధించుట, తెలియని దానితోఁ దెలియనిదానిని నేర్పుట యగునని.

సమాధానము

ఈ యాక్షేపములన్నియు అనుకరణమును దూషించుచున్నవి. పద్యమువలె వ్రాయుమని చెప్పినచో రసాయనశాస్త్ర విద్యార్థికి నష్టమే. కాని పద్యమును గూర్చి నిరూపించుమని చెప్పినచో? 1975లో హెన్రీ విడ్డోసను, సాహిత్యపాఠమును భాష యర్థమును గల్పించు తీరును పరిశీలించు సాధనముగ వాడవచ్చునని శైలీశాస్త్రమును గూర్చిన గ్రంథమున వివరించెను. అనఁగా విద్యార్థి కవిని మెచ్చుకొనుట గాదు, ఏ పద మేమి చేయుచున్నదో చూపుట ముఖ్యము.

సాక్షిగ సాహిత్యమునకుఁ గల యొక సౌలభ్యము మఱి దేనికిని లేదు. చరిత్రమును గూర్చి వ్రాయఁదలఁచినవానికి గ్రంథాలయము వలయును. ప్రకృతిశాస్త్రమునకు యంత్రశాల వలయును. కథకు నొక పుటయే చాలును. ప్రమాణమంతయు గురుశిష్యుల యిరువుర యెదుటను సమానముగ నుండును. గురువు చెప్పినది యా పుటయందు లేకున్న శిష్యుఁడు లేదనవచ్చును. పరికరములు తక్కువైన పల్లెబడిలో శాస్త్రరచనకు నింతకంటె సులభమైన సాధనశాల లేదు. ఐనను దీనికి నవధి గలదు. కొలఁతలు, పట్టికలు, ప్రయోగవివరణములు వ్రాయుటను కథ నేర్పఁజాలదు. వానిని ఆయా శాస్త్రములందే నేర్వవలెను. ప్రతిజ్ఞకు హేతువు గావలెనను నలవాటు మాత్రము కథయం దలవడినచో నన్నింటికిని బనికివచ్చును.

ఉదాహరణమునకు మిత్రలాభమందలి చిత్రగ్రీవుని కథను గ్రహింతురుగాక. పావురములు నూకలకై దిగి వలలోఁ జిక్కుట, అన్నియు నొక్కమాఱు వలతో నెగిరిపోవుట, హిరణ్యకుఁడను నెలుక యా వలను గొఱుకుట తెలుఁగు బాలుఁ డెఱిఁగినదే. చిత్రగ్రీవుఁడు మంచి రాజగునా యని యుపాధ్యాయుఁ డడుగవలెను. అగునని యొకఁడు ప్రతిజ్ఞ చేయును. తన కట్లకంటె ముందు తన పరివారపు కట్లను గొఱుకుమని యతఁడు కోరుట హేతువుగఁ జూపును. వేఱొకఁడు లేచి, అపాయము నెఱిఁగియు నతఁడు వారిని నివారింపఁజాలక తానును దిగెను గదా యని యాక్షేపించును. మొదటివాఁడు దానికి సమాధానము చెప్పియో, తన ప్రతిజ్ఞను గొంత తగ్గించుకొనియో నిర్ణయము చేయును. ఇంత చర్చయు నింగ్లీషున నొక పుటలో వ్రాయించినచో, అది చిన్నదైనను నిజమైన శాస్త్రరచన. కథ తెలిసినదే గాన, తెలియనిది భాష యొక్కటియే. అర్థము కాని మంచుపూవుల యాక్షేపమునకు నిదియే పరిహారము.

వాక్యవిచారము

ఇచట వ్యాకరణమును గూడఁ గొంత విచారింపవలెను. తెలుఁగు వాక్యమున హేతువు ముందు వచ్చి, ప్రధానక్రియ తుద నిలుచును. "వాన రాకపోవుటచేఁ బైరు ఎండెను" అనునపుడు కారణము మొదట, కార్యము పిదప. ఇంగ్లీషున "బికాజ్" అను నవ్యయము హేతువాక్యమునకు మొదట నుండును. ప్రధానవాక్యము దానికి ముందే రావచ్చును. "ఐనను" అను తెలుఁగుమాట మొదటి వాక్యము ముగిసినపిదపఁ గాని రాదు. "ఆల్దో" అను నింగ్లీషుమాట వాక్యము మొదలుపెట్టుచునే రాఁబోవు విరోధమును సూచించును. ఈ భేదము నెఱుఁగని విద్యార్థి, హేతువులన్నియుఁ జెప్పి తుదను గాని తన మాట చెప్పఁడు. ఇంగ్లీషు పరీక్షకుఁడు వాని ప్రతిజ్ఞ యెచటనున్నదని వెదకుకొనును.

దీనిని సరిదిద్దుటకుఁ బరదేశపు పాఠమే యక్కఱలేదు. న్యాయశాస్త్రమున పంచావయవవాక్యమునకు ప్రతిజ్ఞయే మొదటిది, హేతువు, ఉదాహరణము, ఉపనయము పిదప, నిగమనము తుదిని. కొండపై నిప్పున్నదని ముందు చెప్పి, పొగ కనఁబడుటచే నని తరువాతఁ జెప్పు నీ క్రమము ఇంగ్లీషు పరిచ్ఛేదమునకు మిక్కిలి సన్నిహితము. మన పాఠశాల పండితుఁ డీ సంగతిని తరగతిలోఁ జెప్పినచో, ఇంగ్లీషు ఉపాధ్యాయుని పని సగము తీఱును.

రెండవది "అని" యను నవ్యయము. తెలుఁగున పరుల మాట ముగిసినచోట "అని" తప్పక వచ్చును. సంస్కృతవ్యాఖ్యలయందు "ఇతి" యా పనినే చేయును. ఏది కవి మాట, ఏది కోశము మాట, ఏది తన మాట యనుట మల్లినాథుని చదువరి యెన్నఁడును సందేహింపఁడు. ఇంగ్లీషున నీ పనిని "దట్" అను పదమును, ఉద్ధరణచిహ్నములును, గ్రంథనిర్దేశమును గలసి చేయును. పరుల మాటను తనదిగ వ్రాయుట గ్రంథచౌర్యమని విశ్వవిద్యాలయములు దండించుచున్నవి. వ్యాకరణదృష్టిచే నది "అని" లోపించిన వాక్యము. అంగడిలోఁ గొన్న సమాధానమును వల్లించి వ్రాసిన బాలుఁడు దొంగ గాఁడు; పరుల మాట యెచట ముగిసి తన మాట యెచట మొదలగునో వాని కెవ్వరును జూపలేదు.

నేఁటి స్థితి

ఈ మండలములలోఁ బనివెదకుచు దేశదేశముల కరిగి, యానకట్టలు కట్టిన పాలమూరు కూలీల కథ ప్రసిద్ధము. అట్టి యిండ్లనుండి బడికి వచ్చు బాలునకు నింట నింగ్లీషు చెప్పఁగలవా రుండరు. వానికి బడియే సర్వస్వము. నల్లగొండ మండలమందలి సర్వేలునందు 1971లో, పి.వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రిగ నుండఁగా, రాష్ట్రమున మొదటి గురుకుల పాఠశాల ప్రారంభమగుట యిందుకే గణనీయము. 2007లో నల్లగొండయందు మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయము, 2008లో మహబూబునగరమున పాలమూరు విశ్వవిద్యాలయము ఏర్పడుటచే, ఈ సీమ విద్యార్థి తన మండలమునందే సిద్ధాంతవ్యాసము వ్రాయు నవకాశము గలిగెను. 2022–23 విద్యాసంవత్సరమునుండి తెలంగాణ ప్రభుత్వపాఠశాలలందు 1 మొదలు 8వ తరగతివఱకు నింగ్లీషు మాధ్యమము ప్రవేశపెట్టఁబడెను. ఒక పుట తెలుఁగును, ఎదుటిపుట యింగ్లీషును గల పాఠ్యపుస్తకములు పంచఁబడెను.

ఈ యెదురుబొదురు పుటలు చిన్న విషయము గావు. ఉర్దూ కాలమున శాస్త్ర మొక భాషలోను, సాహిత్య మొక భాషలోను విడిపోయెను. ఇపుడు రెండును ఒకే పుస్తకమునఁ గలసికొన్నవి. తెలుఁగు పుటలోని కథను జదివి, ఇంగ్లీషు పుటకు ఎదురుగ దానిని గూర్చి నిరూపించి వ్రాయు నభ్యాసము నైదవ తరగతినుండియే యారంభింపవచ్చును. మొదట నొక ప్రతిజ్ఞ, ఒక హేతువు. పై తరగతులలో నొక యాక్షేపము, దానికి సమాధానము. ఉన్నతపాఠశాలలో రెండు గ్రంథముల సమన్వయము. గోరేటి వెంకన్న పాటయైనను, మిత్రలాభమైనను, ఇంగ్లీషు కథయైనను లక్ష్యముగ నుండవచ్చును. లక్షణ మొక్కటియే: ఆధారము లేనిది వ్రాయరాదు, అక్కఱలేనిది చెప్పరాదు, పరుల మాటను "అని" లేక విడువరాదు.

ఇట్లు గాక, రచనాభ్యాసమునుండి కథను బొత్తిగఁ దొలఁగించినచో, బాలునకు మిగులునది నింపవలసిన ఖాళీలును, వల్లింపవలసిన సమాధానములును. ఎదుట సాక్షి లేని తరగతిలో వాఁడు ఉపాధ్యాయునితో వాదింపలేఁడు. వాదింప నేర్వనివాఁడు పదియేండ్ల పిదప విశ్వవిద్యాలయమునఁ దన మాట తాను వ్రాయలేఁడు. రాచకొండ ప్రభువు రసమును గూర్చి వ్రాయుచు ప్రతి లక్షణమునకు నొక యుదాహరణము వెదకెను. ఇటిక్యాలపాటి విద్వాంసుఁడు తన సీమకు వచ్చిన యాక్షేపమునకు 354 మంది సాక్షులను దెచ్చెను. వారి మండలములందలి బాలుఁ డొక కథనుండి యొక్క సాక్షిని తెచ్చి యింగ్లీషున నిలుపఁగలిగిననాఁడు, వానికి శాస్త్రరచన ప్రారంభమైనట్లే.